పట్టుకు బలము, అడుగుకు చురుకు

కబడ్డీ ఆటలో కూతకు వచ్చినవానికి 30 సెకనుల వ్యవధి మాత్రమే యుండును. ఆ స్వల్పకాలములోనే ఎదుటి జట్టువాడు వంగి నిలువవలెను, పక్కకు జరుగవలెను, ముందుకురికి పట్టవలెను, పెనుగులాడు దేహమును గీత దాటకుండ ఆపవలెను. కావున పట్టువానికి బలమొక్కటియే చాలదు, కదలికయు కావలెను.

అమెరికా ఫుట్‌బాలు మనము కాలితో తన్ని యాడెడు ఆటవంటిది కాదు. అందు బంతిగల జట్టులో ఐదుగురు ఒక వరుసగా నిలిచి, మీదికి వచ్చువారిని చేతులతోను దేహముతోను అడ్డగింతురు. వీరి సాధనకును మన పట్టువాని సాధనకును మూలసూత్రమొక్కటే: తుంటి క్రిందికి, పాదములు ఎడముగా, వీపు నిటారుగా, అడుగులు చిన్నవిగా. నేలను త్రొక్కిన కాళ్ళనుండి పుట్టిన బలము తుంటి, నడుముల గుండ చేతులకు చేరును. చేతిబలమునే నమ్మినవాడు త్వరలో అలసిపోవును.

అయితే ఒక భేదము కలదు. ఆ వరుస ఆటగాండ్రలో పలువురి బరువు 136 కిలోలకు మించియుండును. ఇంతటి బరువు రక్తపుపోటునకును, నిద్రలో శ్వాస ఆగుటకును దారితీయవచ్చును. కబడ్డీలో పురుషుల పెద్దల పోటీలకు 85 కిలోల హద్దు కలదు. కనుక మన ఆటగాడు బరువు పెంచక బలము పెంచుకొనవలెను. ఇది ఆరోగ్యమునకును మేలు.

సూరత్ నగరమున లింబాయత్ మొదలగు పేటలలో తెలంగాణ జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబములు పెక్కు కలవు. వీరిలో అనేకులు మరమగ్గములపై పనిచేయుదురు. రోజంతయు మగ్గముకడ నిలుచువాడు, ‘నాకు వేరే వ్యాయామమేల?’ అని తలంచుట సహజము. కాని పని వేరు, సాధన వేరు. పనిలో ఒకే కదలిక గంటలకొలది సాగును. పిక్కలు అలయును, నడుము బిగియును. సాధనలో శ్రమ క్రమముగా పెరుగును, విశ్రాంతి వెంట వచ్చును. బలము కుదురుకొనునది ఆ విశ్రాంతిలోనే.

ఈ వ్యాయామములకు సామగ్రి అక్కరలేదు.

1. బస్కీలు: మడమలు నేలనుండి లేవరాదు. కుర్చీలో కూర్చొనునట్లు తుంటిని వెనుకకు దింపి లేవవలెను. మోకాళ్ళు లోపలికి వాలరాదు.

2. దండీలు: తలనుండి మడమలవరకు దేహము ఒకే గీతగా నుండవలెను.

3. మెట్టెక్కుట: ఒక కాలి బలముతోనే మెట్టెక్కి, మెల్లగా దిగవలెను.

4. పక్కనడక: వంగి నిలిచి, కాళ్ళు పెనవేసుకొనకుండ పది అడుగులు ఇటు, పది అడుగులు అటు వేయవలెను.

5. జంట సాధన: ఒకడు భుజములు పట్టి నెట్టుచుండగా, రెండవవాడు తుంటి దించి, చిన్న అడుగులతో నిలద్రొక్కుకొనవలెను.

మొదట 5 నిమిషములు నడచి, మెల్లగా పరుగెత్తి దేహమును వేడిచేసికొనవలెను. మొదటి మూడు వ్యాయామములను 8 మొదలు 12 మార్లు, రెండు విడతలుగా చేయవలెను. శ్రమపడునపుడు ఊపిరి బిగబట్టరాదు. వారమునకు మూడు దినములు చాలును. నడుమ ఒక దినము విడువవలెను. తొలివారములలో పెరుగు బలము చాలవరకు నరములు కండరములను చక్కగా నడపుట నేర్చుటవలన కలుగును. కండ పెరుగుటకు ఇంకను కాలము పట్టును. తొందరపడినవాడు మోకాలికో నడుముకో చేటు తెచ్చుకొనును.

సూరత్ సముద్రమునకు చేరువ నున్నది. తేమగాలిలో చెమట త్వరగా ఆరదు, ఒంటివేడి తగ్గదు. కనుక ఎండవేళ సాధన మాని, మాటిమాటికి నీరు త్రాగవలెను. తల తిరిగినను, మాట తడబడినను వెంటనే ఆపి, నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి, వైద్యుని పిలువవలెను. కండలకు పప్పులు, వేరుసెనగలు, పాలు, గ్రుడ్లు ఆహారముగా చాలును. కండ పెంచునని అమ్మెడు స్టెరాయిడ్ సూదిమందులు గుండెను, కాలేయమును, సంతానశక్తిని చెరచును, వాటిని తాకరాదు.

ఛాతిలో నొప్పి, కాలిలో తిమ్మిరి, కీలు వాపు కలిగినచో సాధన నిలిపి వైద్యుని చూడవలెను. ఆట ఆడనివారికిని వారమునకు కనీసము రెండు దినములు కండరములకు వ్యాయామము అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. ఆటలో గెలుపోటములు ఒకనాటివి. దృఢమైన నడుము, మోకాళ్ళు జీవితమంతయు అక్కరకు వచ్చును.