దీవుల పంట లెక్క – మన కౌలుదారు

సాహిత్య విమర్శ పత్రికలో పంట గణాంకాల గురించి రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. గ్రామీణ జీవితాన్ని వస్తువుగా తీసుకున్న కథమీద చర్చ జరిగినప్పుడల్లా మనం తప్పకుండా వాడే మాట ‘వాస్తవికత’. దానికి ఆధారంగా వక్తలు ఏదో ఒక అంకె చెబుతారు. ఇన్ని లక్షల ఎకరాల సాగు, ఇన్ని లక్షల టన్నుల దిగుబడి, ఇంతమంది రైతులు. ఆ అంకె ఏ కయ్య గట్టుమీద పుట్టిందో, ఎవరు నిలబడి చూసి రాశారో అడిగేవారు అరుదు. కథలో కథకుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడని పేజీలకు పేజీలు చర్చించే మనం అంకెకు కూడా ఒక కథకుడు ఉంటాడని మరచిపోతాం.

ఈమధ్య పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవుల దేశాలు తమ వ్యవసాయ గణాంకాలను కలిసికట్టుగా ఎలా బాగుచేసుకుంటున్నాయో చదివాను. చదువుతున్నంతసేపూ నాకు మా నెల్లూరు తీరమే కళ్లముందు మెదిలింది. పోలిక పైపైది కాదని చెప్పడానికే ఈ ప్రయత్నం.

ముందు మన లెక్క సంగతి. రెవెన్యూ పరిభాషలో గ్రామానికి ఆయువుపట్టు అడంగల్. ఫలానా సర్వే నెంబరు, ఫలానా విస్తీర్ణం, పట్టాదారు ఎవరు, అనుభవంలో ఎవరున్నారు, ఈ కారులో ఏ పైరు, నీటి ఆధారం ఏది – ఇవన్నీ అందులో ఉంటాయి. ఏడాది లెక్క జనవరికి కాదు, జూలైకి మొదలవుతుంది. అది ఫసలీ. పైరు నిలిచివున్నప్పుడు పొలం పొలం తిరిగి చూసి రాయడాన్ని ‘అజమాయిషీ’ అన్నారు. ఈనాడు మనం పెత్తనం అనే అర్థంలో వాడే ఈ మాట మూలంలో పరీక్షించి చూడడమే. పరీక్ష అన్న మాట పెత్తనంగా ఎలా మారిందో ఊళ్లో కరణం చరిత్ర తెలిసినవారికి వివరించనక్కరలేదు. భాషాశాస్త్ర విద్యార్థులు ఇలాంటి మాటల వెంట నడిస్తే గ్రామంలోని అధికార సంబంధాల చరిత్ర దొరుకుతుంది. వంశపారంపర్యపు కరణీకం 1984లో రద్దయింది. పుస్తకం మాత్రం చేతులు మారి, ఇప్పుడు కంప్యూటరులోకి, ‘ఈ-పంట’ నమోదులోకి వచ్చింది.

విస్తీర్ణం సంగతి అది. దిగుబడి సంగతి మరింత ఆసక్తికరం. ఒకప్పుడు దిగుబడిని అణావారీ పద్ధతిలో కంటితో అంచనా వేసేవారు. మామూలు పంటను ఇన్ని అణాలు అనుకుంటే ఈసారి పండింది ఎన్ని అణాలు అన్నది ప్రశ్న. ‘మామూలు పంట’ అంటే ఏమిటో మాత్రం చూసేవాడి మనసులోనే ఉండేది. అంచనా వేసేది అధికారి చూపు. ఆ చూపులో శిస్తు భయం, రైతు మొర, పై అధికారి మెప్పు అన్నీ కలిసిపోయేవి.

ఈ చూపు ప్రమేయాన్ని తొలగించే ప్రయత్నం మొదలైనది వరిపొలంలోనే, అదీ మన దేశంలోనే. జె.ఎ. హబ్బక్ అనే ఐ.సి.ఎస్. అధికారి 1923–25 మధ్య బీహారు–ఒరిస్సా ప్రాంతంలో యాదృచ్ఛికంగా ఎంచిన చోట్ల వరి కోయించి తూచి చూశాడు. 1930లలో మహలనోబిస్ బెంగాల్ జనుము విస్తీర్ణం మీద భారీ నమూనా సర్వేలు నడిపాడు. 1940లలో పి.వి. సుఖాత్మే, వి.జి. పాన్సే పంటకోత ప్రయోగాలను దేశవ్యాప్తం చేశారు. ఎంత మడి కోయాలి అన్న విషయం మీద మహలనోబిస్‌కూ సుఖాత్మేకూ జరిగిన వాదం చాలా లోతైనది. మడి మరీ చిన్నదైతే గీతమీద నిలిచిన దుబ్బును కోసేవాడు తెలియకుండానే లోపలికి లాగుతాడు, దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది – ఇది సుఖాత్మే వాదనలోని సారం. ‘సరిహద్దు మీద నిలిచినదాన్ని ఎటు వేస్తారు’ అన్న ఈ ప్రశ్నను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ దానిదగ్గరికే రావాలి.

ప్రయోగం జరిగే తీరు ఇది. ఊరిలో సర్వే నెంబరును అంకెల పట్టికను బట్టి ఎంచుతారు. పొలంలో ఒక మూల నుంచి పొడవునా ఇన్ని అడుగులు, వెడల్పునా ఇన్ని అడుగులు వేసి, అక్కడ మేకు దిగ్గొట్టి, ఐదు మీటర్లకు ఐదు మీటర్లు తాడు పట్టి కొలుస్తారు. ఆ పాతిక చదరపు మీటర్లలోని వెన్నులను విడిగా కోసి, నూర్చి, తూచి, కొంత ధాన్యం ఆరబెట్టి మళ్లీ తూస్తారు. నేను ఒకసారి గెనిమ మీద నిలబడి చూశాను. మేకు దిగిన చోట పైరు పలచగా ఉంది. నాలుగడుగుల అవతల ఏపుగా ఉంది. పొలం ఆసామి ఆ నాలుగడుగులు జరపమని బతిమాలుతున్నాడు. ఉద్యోగి జరపలేదు. ఆ క్షణంలో నాకు ఆ పట్టికలోని అంకెలమీద గౌరవం కలిగింది. వాటికి ఆసామీ తెలియడు, తహసీల్దారూ తెలియడు.

ఐతే ఈ పద్ధతికి ఒక నియమం ఉంది. సామాన్య జ్ఞానానికి విరుద్ధంగా కనిపించే నియమం. నమ్మకమైన సగటు రావడానికి ఎన్ని చోట్ల కోయాలి అన్నది ప్రాంతం ఎంత పెద్దది అన్నదానిమీద దాదాపు ఆధారపడదు. పొలానికీ పొలానికీ దిగుబడి ఎంత తేడాగా ఉంటుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ తేడా సగటులో 30 శాతం ఉందనుకుందాం. వంద చోట్ల కోస్తే, వంద వర్గమూలం పది కాబట్టి, పొరపాటు 3 శాతానికి దిగుతుంది. లక్షల ఎకరాల జిల్లాకూ వందే కావాలి, కొద్దివేల ఎకరాల దీవికీ ఇంచుమించు వందే కావాలి. అంటే చిన్నచోట లెక్క తలకు ఎన్నో రెట్లు ఖరీదు. పేదవాడికి అప్పు వడ్డీ ఎక్కువైనట్టే, చిన్నదేశానికి నిజం ఖరీదెక్కువ.

పులికాట్ సరస్సులో ఇరకం, వేనాడు అనే దీవులున్నాయి. పాత నెల్లూరు జిల్లావే, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లావి. జిల్లా సగటుకోసం తీసిన నమూనాలో ఇరకం తగలవచ్చు, తగలకపోవచ్చు. తగలని ఏడు అక్కడి పైరు ఉప్పునీటికి దెబ్బతిన్నా జిల్లా సగటులో ఆ నష్టం కానరాదు. లెక్క తప్పని కాదు. ఆ లెక్క జిల్లాకోసం పుట్టింది, ఇరకం కోసం కాదు.

ఇప్పుడు ఇరకాన్నే ఒక దేశంగా ఊహించండి. తువాలు, నౌరూ అటువంటివి. వాటి జనాభా పదివేల పైచిలుకే, మన ఒక్కొక్క మండలానికి కూడా చాలదు. గణాంక శాఖలో ఉండేది గుప్పెడుమంది. ఒకరు చదువుకోసమో మంచి జీతంకోసమో విమానమెక్కితే ఆ ఏడు పంట లెక్కే ఆగిపోవచ్చు. పోతే, వలస పాలనలో లెక్కపెట్టినదంతా ఎగుమతి సరుకునే: కొబ్బరి, చెరకు. ఫిజీలో చెరకు ప్రతి టన్నూ మిల్లు తూకంలో పడుతుంది. ఇంటి వెనక కర్రపెండలం, చామ ఏ కాటా ఎక్కవు. సామ్రాజ్యం కొన్నదాన్ని లెక్కపెట్టింది, జనం తిన్నదాన్ని పెట్టలేదు. మన తీరాన కూడా ఇంతే. మిల్లుకు చేరిన ధాన్యం లెక్క తెలుస్తుంది. ఆడవాళ్లు కాలువలో దేవుకొచ్చి కూరవండిన చేపల లెక్క ఎక్కడుంది?

ఈ దీవులు చేసిన పని ఒక్కొక్కటీ చేయలేనిదాన్ని కలిసి చేయడం. 1947లో ఏర్పడి, న్యూ కాలెడోనియాలోని నూమియా కేంద్రంగా పనిచేస్తున్న పసిఫిక్ సంస్థ ఇరవై రెండు దీవుల దేశాలకూ ప్రాంతాలకూ ఉమ్మడి సేవలందిస్తోంది. 2011 నుంచి 2020 వరకు పదేళ్ల ఉమ్మడి గణాంక వ్యూహం వేసుకున్నారు. నిపుణులు ఉమ్మడి, ప్రశ్నావళి ఉమ్మడి, శిక్షణ ఉమ్మడి. ప్రత్యేక వ్యవసాయ గణన చేయలేనిచోట కుటుంబాల ఆదాయ వ్యయాల సర్వేలోనే తోటపంటనూ చేపనూ అడిగి రాసుకుంటారు. దీనివెనక 2010లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన ప్రపంచ వ్యూహం ఉంది. ఆహార వ్యవసాయ సంస్థ పదేళ్లకొకసారి నడిపించే ప్రపంచ వ్యవసాయ గణన ఉంది. సుఖాత్మే 1950ల మొదట్లో రోముకు వెళ్లి ఆ సంస్థ గణాంక విభాగాన్నే నడిపాడు. మన కయ్యల్లో పదునెక్కిన కొలత ఆ విధంగా ప్రపంచానికి చేరింది. దాతలు డబ్బుతోపాటు ప్రశ్నలను కూడా తెచ్చిపెడతారన్న అనుమానం ఉంది, అది కొట్టిపారేయదగింది కాదు. అయినా ఒంటరి దీవికన్నా ఉమ్మడిగా నిలిచిన దీవులకు ఆ ప్రశ్నలను మార్చే సత్తా ఎక్కువ.

మన తీరంలో కూడా ఇటువంటి ఉమ్మడి ఒకటుంది. సముద్రపు చేపల రాబడిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దేశపు తీరమంతటా ఒకే నమూనా పద్ధతిలో అంచనా వేస్తుంది. చేపకు రాష్ట్రాల హద్దు తెలియదు కాబట్టి లెక్కకూ తెలియకూడదన్నది అందులోని ఇంగితం.

ఉమ్మడి లెక్కకు అన్నిటికన్నా కష్టమైనది డబ్బు కాదు, మాటలు. ఇది మన రంగం, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను. నెల్లూరు పుట్టి 850 కిలోలు. జిల్లా దాటితే పుట్టి మారిపోతుంది. ఇళ్లస్థలానికి నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ‘ఎకరాకు మూడు పుట్లు’ అన్న పాత్ర ఏ ఊరివాడో తెలియకపోతే ఆ మాటకు అర్థం లేదు. మేము ఎడగారు అంటే కాగితం ఖరీఫ్ అంటుంది. ఫిజీ సంతలో చామదుంపలు కుప్పల లెక్కన అమ్ముతారు. కుప్ప ఎన్ని కిలోలు అన్నది ఊరూరా తూచి నిర్ణయించాలి. ఉమ్మడి గణాంకం అంటే సారాంశంలో ఒక నిఘంటువు. స్థానికపదాన్ని చంపకుండా దానికి సరిసమానమైన కొలత పక్కన రాసే నిఘంటువు.

ఆ నిఘంటువులో అతి చిక్కైన పదం ‘రైతు’. మన దేశపు తొలి సమగ్ర వ్యవసాయ గణన 1970–71లో జరిగింది. అందులో కమతం అంటే యాజమాన్యంతో నిమిత్తం లేకుండా ఒకరి సాగులో ఉన్న భూమి. నిర్వచనం ఎంతో ప్రగతిశీలంగా ఉంది. కాని భూమి రికార్డులున్న రాష్ట్రాల్లో కమతాల లెక్కను ఇంటికి వెళ్లి అడగరు, గ్రామ రికార్డుల నుంచే ఎత్తి రాస్తారు. రికార్డులో ఉన్నది పట్టాదారు. నిర్వచనం తలుపు దగ్గర వెళ్లగొట్టిన యాజమాన్యం రికార్డు కిటికీలోంచి లోపలికొచ్చి కూర్చుంది. నోటిమాట కౌలుదారు సుఖాత్మే చెప్పిన గీతమీది దుబ్బు. ఐతే ఇక్కడ చేయి అతణ్ణి లోపలికి లాగదు, బయటికి తోస్తుంది. స్త్రీల సంగతీ ఇంతే. 2015–16 గణనలో దేశం మొత్తంమీద కమతాలు నడిపేవారిలో స్త్రీలు సుమారు 14 శాతం. నాట్ల కాలంలో ఏ ఊరి పొలంలోకి తొంగిచూసినా ఆ అంకెకూ కంటికీ పొత్తు కుదరదు.

మా తీరంలోని అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ఈ గుట్టు కనిపెట్టినవారిలో ఒకరు. గుంటూరు జిల్లా అనంతవరం, కాజ గ్రామాలలో ఆయన ఆధ్వర్యాన జరిగిన సర్వే ఫలితాలు 1977లో ‘సోషల్ సైంటిస్ట్’ పత్రికలో వెలువడ్డాయి. రికార్డును పక్కన పెట్టి, ఎవరు ఎవరి భూమి దున్నుతున్నారు, ఎవరు ఎవరికి కూలికి పోతున్నారు అని చూసిన లెక్క అది. గ్రామం మీద నవల రాయబూనినవారు దానిని ఒక్కసారైనా చూడాలని నా సలహా.

ఫిజీ ఇక్కడ మరో పాఠం చెబుతుంది. 1903 నుంచి 1916 వరకు మద్రాసు ఓడల్లో గిర్మిట్ కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. గిర్మిట్ తీరినవారిలో చాలామందీ, వారి బిడ్డలూ కౌలు చెరకు రైతులయ్యారు. అక్కడి నేలలో అధికభాగం ఆదివాసులది, అమ్మకానికి లేనిది. 1976 చట్టం ప్రకారం ముప్పై ఏళ్లకు దక్కిన కౌళ్లు 1997 నుంచి గడువు తీరసాగాయి. ఎన్నో కుటుంబాలు భూమి వదిలి పట్నాల అంచులకు చేరాయి. అన్యాయం జరగలేదని కాదు. కౌలు కాగితంమీద ఉంది కాబట్టి ఎందరి కౌలు ఎప్పుడు తీరిందో లెక్క ఉంది. మా తీరంలో కౌలుదారు మారినా, ఊరు వదిలినా, ఉరి వేసుకున్నా అతడు రైతేనా అన్న విచారణతో మొదలుపెట్టాలి. 2011లో ఒక చట్టం గుర్తింపు కార్డు ఇస్తానంది. 2019 చట్టం పదకొండు నెలల సాగు ఒప్పందం మీద సంతకం కావాలంది. ఆ సంతకం భూయజమానిది. తుపానులో పైరు మునిగాక నష్టపరిహారపు జాబితాలో పేరుండాలంటే అంతకుముందే ఆ సంతకం దొరికివుండాలి. భూమి చేజారుతుందన్న భయంతో యజమాని పెట్టకపోతే మునిగిన పైరు ఒకరిది, జాబితాలో పేరు మరొకరిది.

1990లలో వరిమళ్లు రొయ్యల గుంటలయ్యాక ఈ చిక్కు ఇంకో మెలిక తిరిగింది. గుంట పొలమా, నీటివనరా, కర్మాగారమా? తీరంలోని గుంటలమీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పవలసి వచ్చింది, 2005లో కేంద్ర చట్టం వచ్చింది. 2010 ప్రపంచ గణన కార్యక్రమంలో చేపల, రొయ్యల పెంపకానికి చోటు దొరికింది. గుంట పక్కన ఉప్పెక్కిన బావిని ఏ గడిలో రాయాలో మాత్రం నాకు ఏ ఫారంలోనూ కనిపించలేదు.

మన కథల విషయానికొస్తే, కరణాన్ని దుర్మార్గుడిగా చూపిన కథలు బోలెడున్నాయి. కరణం ఏ గడిలో ఏ అక్షరం రాస్తే ఎవరి బతుకు తలకిందులైందో చూపిన కథలు తక్కువ. మనిషి దుర్మార్గం చూపడం సులువు, గడి దుర్మార్గం చూపాలంటే ఆ గడి తెలియాలి. బడిలో పిల్లల్ని చేర్చుకునే రిజిస్టరులో తండ్రి వృత్తి అనే గడి ఉంటుంది. యాభై ఎకరాల ఆసామి కొడుకుకూ, అతని పొలం కౌలుకు చేసేవాడి కూతురికీ, ఆ పొలంలో కలుపు తీసే తల్లి బిడ్డకూ అందులో ఒకే మాట రాయడం చూశాను: వ్యవసాయం. ఈ జూన్‌లో నా తరగతికి వచ్చిన రిజిస్టరులో ఆ గడి పక్కన పెన్సిలుతో మూడు గుర్తులు పెట్టుకున్నాను – సొంతం, కౌలు, కూలి. నలభై ఒక్క పేర్లలో పదిహేడింటికి గుర్తు పెట్టడానికి ఇళ్లకు వెళ్లి అడగవలసి వచ్చింది. రెండు ఇళ్లలో, సొంతమని రాయండి సార్, కౌలని తెలిస్తే ఆసామి భూమి తీసేసుకుంటాడు అన్నారు.