మాటకు మధ్యవర్తి

ఒకేసారి లక్షలమందికి చేరే మాట వారి మనస్సులపై ఏ రీతిగా పనిచేయునన్న విచారణ మొదటి ప్రపంచయుద్ధానంతరం శాస్త్రరూపం ధరించినది. యుద్ధకాలపు ప్రచారపద్ధతులపై హెరాల్డ్ లాస్‌వెల్ 1927లో ప్రకటించిన గ్రంథం దాని పునాదులలో ఒకటి. ప్రచారం అచ్చు, జనం మైనపుముద్ద అన్నది ఆనాడు పలువురి భావన. 1938 అక్టోబరు 30న అమెరికా రేడియోలో అంగారకవాసుల దండయాత్ర నాటకం విని కొందరు నిజమేనని హడలిపోవడంతో ఆ భావనకు బలం చేకూరినది. కాని ఆ సంఘటనను పరిశోధించిన హాడ్లీ కాంట్రిల్, విన్నవారిలో అధికసంఖ్యాకులు భయపడలేదనే 1940లో తేల్చినారు.

మైనపుముద్ద వాదాన్ని నిజంగా సడలించినది ఒక ఎన్నిక. 1940లో ఒహాయో రాష్ట్రపు ఈరీ కౌంటీలో పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఆయన సహచరులు 600 మంది ఓటర్లను మే మొదలు నవంబరు వరకు నెలనెలా ప్రశ్నించినారు. పత్రికలూ రేడియో ఎంత హోరెత్తించినా పక్షం మార్చుకొన్నవారు కొద్దిమందే. వారిపై పనిచేసినది చాలావరకు ఇరుగుపొరుగుల మాట. ప్రసారమైన విషయం ముందు శ్రద్ధగల కొందరికి, వారినుండి తక్కినవారికి చేరుతుందన్న రెండంచెల సిద్ధాంతం 1944లో వెలువడిన గ్రంథంలో మొలకెత్తి, ఎలిహు కాట్జ్‌తో కలసి ఆయన 1955లో ప్రకటించిన గ్రంథంలో విస్తరించినది. ఈ అభిప్రాయ నాయకులు పెద్దింటివారే కానక్కరలేదన్నది రెండవ గ్రంథంలోని విలువైన అంశం. సినిమా విషయంలో పెళ్ళికాని యువతి మాట చెల్లుతుంది. సరుకుల విషయంలో పెద్ద సంసారాన్ని ఈదే ఇల్లాలి మాట.

తెలుగువారికి ఇది వింతగా తోచదు. పురాణ కాలక్షేపంలో పద్యం చదివేవారు ఒకరు, అర్థం చెప్పేవారు మరొకరు. అక్షరం రాని శ్రోతకు భారతం చేరినది ఆ రెండవవారి నోట. ఆధునిక సాధనంతో ఈ దేశంలో ఇటువంటి ప్రయత్నం 1956లో పూనాలో జరిగినది. నాటి బొంబాయి రాష్ట్రపు మరాఠీ గ్రామాలలో రైతులు ఆకాశవాణి కార్యక్రమాన్ని గుంపుగా విని, వెంటనే చర్చించి, సందేహాలను కేంద్రానికి పంపేవారు. పాల్ న్యూరాత్ పరిశీలనలో, చర్చామండలులున్న గ్రామాలలో పెరిగినంతగా పరిజ్ఞానం రేడియో మాత్రమే ఉన్న గ్రామాలలో పెరగలేదు.

సిద్ధాంతానికి లోపం లేకపోలేదు. జనం ఏ అభిప్రాయానికి వస్తారో చూచినదే గాని, అసలు దేనిని గురించి మాట్లాడుకోవలెనో చాలావరకు పత్రికలే నిర్ణయిస్తాయన్న సంగతిని అది పట్టించుకోలేదు. 1968 ఎన్నికను పరిశీలించి మెక్‌కూంబ్స్, షా 1972లో ఆ కొరత తీర్చినారు.

నేటి చేతిఫోనులో రెండవ అంచె మిగిలే ఉన్నది. బావమరిది పంపిన వార్తను నమ్మడం బావమరిదిని నమ్మడమే. కాని ఈరీలోని పొరుగువాడు తాను చదివినది తన మాటలలో చెప్పి, ఎదురుప్రశ్నకు బదులిచ్చేవాడు. సందేశాన్ని దారి మళ్ళించేవాడు చాలాసార్లు పూర్తిగా చదువనైనా చదవడు; అతని పరువు మాత్రం దానికి అతుక్కొంటుంది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతులు ఇట్లే వ్యాపించి, అనేక రాష్ట్రాలలో గుంపులు నిరపరాధులను కొట్టి చంపినవి. పిమ్మట వాట్సాప్ సంస్థ, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు సంభాషణలకు మించి పంపరాదని ఈ దేశంలో పరిమితి విధించినది. ఆ కట్టడి వేగానికే గాని, పూనా రైతుల వలె విన్నదానిని నలుగురు కూర్చొని విచారించే ఏర్పాటు అందులో లేదు.