గాలం కడలిలోనే కాదు, చేతిలోని ఫోనులోనూ!
ఓటీపీ చెప్తే ఖాతా ఖాళీ - మోసపోతే వెంటనే 1930

నెల్లూరు: మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె, కృష్ణపట్నం తీరాల్లో ఎర అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా చెప్పనక్కరలేదు. అయితే సముద్రంలో చేపకు వేసే ఎర వేరు, ఫోనులో మనిషికి వేసే ఎర వేరు. రెండోది కంటికి కనిపించదు.

మాయమాటలతో కార్డు వివరాలు రాబట్టి ఖాతా ఊడ్చే మోసాన్ని ఇంగ్లీషులో 'ఫిషింగ్' అంటారు. చేపలు పట్టడం అనే మాటకే రాతలో మొదటి అక్షరం మార్చి, 1990 దశకం మధ్యలో అమెరికాలోని కంప్యూటరు దొంగలు ఈ పేరు పెట్టారు. మన దేశంలో జార్ఖండ్‌లోని జాంతాడా ప్రాంతం ఈ ఫోను మోసాలకు పేరుమోసింది. దొంగ ఎంత దూరాన ఉన్నా, ఫోను ఉన్న ప్రతి పాలెం అతనికి దగ్గరే.

తీరవాసుల సొమ్ము ఇప్పుడు చాలావరకు బ్యాంకు ఖాతాలోనే ఉంటోంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలానికి ప్రభుత్వమిచ్చే భృతి ఖాతాలోనే పడుతుంది. 2025లో అర్హులైన కుటుంబానికి 20 వేల రూపాయలు ఇచ్చారు. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 బడ్జెటులో చేపలు, రొయ్యలు పెంచేవారికి కూడా వర్తింపజేశారు. వేట లేని రోజుల్లో ఇల్లు గడిచేది ఆ డబ్బుతోనే. అందుకే 'మీ ఖాతా ఆగిపోతుంది' అనే మాట వినగానే ఎవరికైనా గుండె జారుతుంది. దొంగకు కావలసిందీ ఆ కంగారే.

గుర్తు పట్టడం ఎలా?

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. కేవైసీ చేయకపోతే సాయంత్రానికి కార్డు ఆగిపోతుంది" అంటూ ఫోను వస్తుంది. కార్డు పరిమితి పెంచుతామనో, బహుమతి వచ్చిందనో ఆశ పెడతారు. లేదా ప్రభుత్వ పథకం పేరుతోనో, బండి చలానా పేరుతోనో వాట్సాప్‌లో 'ఏపీకే' ఫైలు వస్తుంది. దాన్ని నొక్కి ఫోనులోకి ఎక్కించుకుంటే, ఆ ఫోనుకు వచ్చే సందేశాలు దొంగ చేతికి చిక్కవచ్చు. భయమో ఆశో చూపి, ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా తొందరపెట్టారంటే అది మోసమేనని అనుమానించాలి.

తప్పించుకోవడం ఎలా?

ఓటీపీ, పిన్ను, కార్డు వెనకనున్న మూడంకెల సీవీవీ - వీటిని ఏ బ్యాంకు ఉద్యోగీ అడగడు. అడిగినవాడు ఎంత మర్యాదగా మాట్లాడినా దొంగే. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ను కొట్టనక్కరలేదు. పిన్ను కొట్టమన్నారంటే డబ్బు పోబోతోందన్నమాటే. బ్యాంకుల వెబ్‌సైట్ల చిరునామా 'బ్యాంక్ డాట్ ఇన్' అని ముగియాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది. సందేహం వస్తే ఫోను పెట్టేసి, కార్డు వెనక ముద్రించిన నంబరుకు మనమే ఫోను చేయాలి. లేదా బ్యాంకుకు వెళ్లి అడగాలి. ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే నంబర్లలో దొంగలవీ ఉంటాయి.

మోసపోతే ఏం చేయాలి?

క్షణం జాగు చేయక 1930కి ఫోను చేయాలి. ఇది సైబరు నేరాలపై జాతీయ సహాయ నంబరు. ఫిర్యాదు అందగానే సొమ్ము చేరిన ఖాతాను గుర్తించి, దొంగ తీసుకోకముందే అక్కడే నిలిపివేసే ప్రయత్నం చేస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది. పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నంబరు సిద్ధంగా ఉంచుకోవాలి. మరో పక్క బ్యాంకుకు చెప్పి కార్డును ఆపించాలి. ఫిర్యాదు నంబరు తప్పక రాసుకోవాలి. దగ్గరలోని పోలీసు స్టేషనులోనూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇలాంటి మోసానికి ఐటీ చట్టం 66-డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా బయటివారి వల్ల సొమ్ము పోతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండదు. ఓటీపీ తానే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయింది ఖాతాదారే భరించాలి. ఫిర్యాదు చేశాక ఇంకా పోతే అది బ్యాంకుపై పడుతుంది. కాబట్టి తప్పు మనదైనా సరే, వెంటనే చెప్పడమే లాభం. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు ఖర్చేమీ లేదు.

ఇంకో మాట. పోయిన సొమ్ము రప్పిస్తామంటూ ఫీజు అడిగేవారూ వస్తారు. అది రెండో గాలం.

నలుగురిలో నవ్వులపాలవుతామని చాలామంది మోసాన్ని ఇంట్లో కూడా చెప్పుకోరు. ఆ మౌనం దొంగకే మేలు చేస్తుంది. చదువుకున్నవారు, ఉద్యోగులు కూడా ఈ వలలో పడినవారే. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. ఇంట్లో ముసలివారికి, ఫోను కొత్తగా పట్టిన పిల్లలకు 1930 నంబరు కంఠతా వచ్చేలా చెప్పి ఉంచడం ప్రతి కుటుంబానికీ మంచిది.