కథలో చుక్క

తెలుగు ఉపాధ్యాయుల ఎర్రసిరా ఏ అక్షరం మీద ఎక్కువగా ఖర్చవుతుందని అడిగితే, చాలమంది తడుముకోకుండా ‘థ’ అని చెప్పగలరు. ‘కథ’ అని వ్రాయవలసిన చోట ఒక్కసారియైనా ‘కధ’ అని వ్రాయని విద్యార్థి అరుదు. గోడల మీదను, శుభలేఖలలోను, అప్పుడప్పుడు పుస్తకాల అట్టల మీదను సైతం ఆ తప్పు కనబడుతూనే ఉంటుంది. ఆ రెండక్షరాలకు భేదమల్లా పొట్టలోని చుక్క. చుక్క ఉన్నది తవర్గంలో రెండవది, లేనిది నాలుగవది. చుక్క జారితే కథ కధ అయిపోతుంది.

ఇంతకాలం ఈ తప్పు మనుష్యులే చేస్తూ వచ్చినారు. ఇప్పుడు యంత్రం కూడ నేర్చినది.

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన సంగతి ఇది. ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జయంతి. తెలుగు భాషా దినోత్సవం. ఆనాడు పిల్లల చేత కథలు చదివించే సభ ఏర్పాటు చేసినారు. సభాస్థలికి కట్టవలసిన బ్యానరు కొరకు డ్రాయింగు మాస్టారు దళసరి కాగితం మీద నల్లసిరాతో, చదునైన కుంచెతో ‘కథా పఠనం’ అని వ్రాసి ఇచ్చినారు. రెండు రాత్రులు కూర్చుని వ్రాసిన అక్షరాలవి. గుండ్రదనంలో నిండుదనం, తలకట్టులో విరుపు, అన్నీ కుదిరినవి. ఎవరో దానిని సెల్‌ఫోనుతో ఫొటో తీసి ఫ్లెక్సీ దుకాణానికి పంపినారు. మరునాడు ఎనిమిది అడుగుల బ్యానరు వచ్చినది. విప్పి చూస్తే దాని మీద ‘కధా పరనం’ అని ఉన్నది.

పిల్లలు విరగబడి నవ్వినారు. పెద్దలు నవ్వలేదు గాని, ఒకరు మాత్రం, “మాస్టారూ, బొమ్మలు వేసే చేతికి అక్షరాల సంగతి ఏమి తెలుస్తుంది లెండి. తెలుగు మాస్టారికి ఒకసారి చూపించి ఉండవలసినది” అన్నారు. ఆ సభకు వెళ్లినవారిలో నేనొకడిని. డ్రాయింగు మాస్టారు ఆ మాటకు బదులు చెప్పక, లోపలికి వెళ్లి తాము వ్రాసిన కాగితం తెచ్చి బల్ల మీద పరచినారు. ‘థా’లో చుక్క ఉన్నది. ‘ఠ’లో చుక్క ఉన్నది. రెండును బఠాణీగింజ అంత ఉన్నవి.

మరి ఆ చుక్కలు ఎక్కడికి పోయినవి? ఇది తెలుసుకొనదగిన విషయం. ఏలనంటే నేడు ప్రతి పాఠశాలలోను పత్రిక ముఖచిత్రం మొదలు ప్రశంసాపత్రం వరకు ఈ దారినే పోతున్నవి.

ఫొటో అనేది కంప్యూటరుకు చదరపు గడుల పట్టిక. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. గడిలో ఎంత నలుపు, ఎంత తెలుపు అన్నదే దానికి తెలుసు. అటువంటి చిత్రాన్ని ఎనిమిది అడుగులకు సాగదీస్తే గడులు బయటపడి అంచులు మెట్లు మెట్లుగా కనబడతవి. అందుచేత చిత్రాన్ని గడులుగా గాక గీతలుగా మార్చుకొంటారు. ఫలానా బిందువు నుండి ఫలానా బిందువుకు ఇంత వంపుతో గీత అని చెప్పే లెక్క అది. దీనికే వెక్టర్ చిత్రమని పేరు. లెక్క కనుక అణా బిళ్లంత చేసినా, ఆకాశమంత చేసినా అంచు చెదరదు. ఆ వంపుల గణితం మోటారుకార్ల కర్మాగారాలలో పుట్టినది. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్టెల్జో 1959లోను, ఆ పిమ్మట రెనో సంస్థలో పియర్ బెజియేయును కార్ల ఒళ్లు తీర్చడానికి దానిని రూపొందించినారు. బెజియే పేరే నిలిచినది. కారు బానెట్టు వంపును చెప్పిన సూత్రమే నేడు మన ‘ఱ’ వంపును కూడ చెప్పుచున్నది.

ఫొటోను చూచి ఆ గీతలను తానే వేసుకొనే సాధనమే ఆటోమేటిక్ ట్రేసింగ్. 1987లో వెలువడిన అడోబి ఇలస్ట్రేటరులో 2005లో ‘లైవ్ ట్రేస్’ అనే పేరుతోను, 2012లో మార్పులు చెంది ‘ఇమేజ్ ట్రేస్’ అనే పేరుతోను అది చేరినది. కోరెల్‌డ్రాలో దాని పేరు పవర్‌ట్రేస్. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేపులో ఈ పని చేసేది పోట్రేస్. పీటర్ సెలింగర్ అనే గణితవేత్త 2001లో మొదటిసారి విడుదల చేసినది. దాని పద్ధతిని ఆయన బాహాటంగా వ్రాసి పెట్టినారు కనుక యంత్రం కడుపులో జరిగేది మనం చూడవచ్చును.

మొదట ప్రతి గడిని నలుపో తెలుపో తేల్చివేస్తారు. నడిమి బూడిదరంగుకు చోటు లేదు. తరువాత నలుపుకు తెలుపుకు నడుమ సరిహద్దు వెంబడి యంత్రం నడచి వస్తుంది, పొలం గట్టు మీద కరణం నడచినట్లు. ఆ వంకరటింకర గట్టును వీలైనంత తక్కువ నిడుగీతలతో ఒక బహుభుజిగా సరిపెడుతుంది. పిమ్మట ప్రతి మూలను పరీక్షించి, ఇది నిజంగా మూలయా లేక వంపులో భాగమా అని నిర్ణయిస్తుంది. మూల అయితే ఉంచుతుంది. కాకుంటే నున్న చేస్తుంది. ఎంత వాడిగా ఉంటే మూల అనవలెనో మనమే ఒక అంకె ఇచ్చి చెప్పవచ్చును. ఆ అంకె సున్న అయితే అన్నీ మూలలే. మితిమీరితే తలకట్టు విరుపు కూడ కరిగి వానపాము వలె అవుతుంది.

చుక్కల కథ అంతా మరియొక అంకెలో ఉన్నది. కాగితం మీద మరకలు, ఫొటోలోని నలుసులు గీతలుగా మారకుండ, ‘ఇన్ని గడుల కంటె చిన్నదానిని వదలివేయుము’ అని యంత్రానికి చెప్పే వీలున్నది. ఇలస్ట్రేటరులో దాని పేరు నాయిస్, అనగా రొద. పోట్రేసులో మనమేమీ చెప్పకుంటే రెండు గడుల వరకు ఉన్న నలుసును తీసివేస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. మాస్టారి అక్షరం మూడు సెంటీమీటర్ల ఎత్తు. చుక్క అందులో పదవవంతు. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అక్షరం సుమారు 354 గడుల ఎత్తు వస్తుంది. చుక్క వ్యాసం 35 గడులు, వైశాల్యం సుమారు 960 గడులు. ఏ యంత్రమూ దానిని నలుసు అనుకొనదు. కాని వీరు పంపినది సెల్‌ఫోను ఫొటో. చేతులు మారి కుదించుకొనిపోయి, అక్షరం ఇరవై గడుల ఎత్తుకు దిగిందనుకొందాం. చుక్క వ్యాసం రెండు గడులు. మొత్తం మూడో నాలుగో గడులు. కాగితం నీడలు, మరకలు పోవడానికి దుకాణంలో ఆ అంకెను కొంచెం పెంచినారంటే, మరకతో పాటు చుక్కయు పోవును. యంత్రం దృష్టిలో రెండూ ఒకటే రొద.

ఇది ఊహ కాదని తెలుసుకొనడానికి ఆ కాగితాన్నే అడిగి తెచ్చుకొని చూచినాను. స్కానరు మీద పెట్టి ట్రేస్ చేస్తే రెండు చుక్కలును ఉన్నవి. అదే చిత్రాన్ని కుదించి, నలుసుల అంకె పెంచితే, ‘కధా పరనం’ కళ్లముందు ప్రత్యక్షమైనది. ఠకారం చుక్క పోగొట్టుకొంటే రకారం వలె నిలబడుతుంది కదా! ఆ లెక్కన పాఠశాల పారశాల, పీఠం పీరం అవుతవి. ఇంకొక చిత్రం కూడ జరిగినది. నలుపు తెలుపుల హద్దు కొంచెం జరిపేసరికి, అంటకుండా ఉండవలసిన తలకట్టు పకారానికి అతుక్కున్నది. ‘పలక’ వ్రాసి చూస్తే ‘వలక’ వచ్చినది. ఆంగ్లాక్షరాలలో ‘ఐ’, ‘జె’ల మీది చుక్క ఊడిపోయినా చదువరి మాటను పట్టుకొనగలడు. మన లిపిలో చుక్క ఊడితే వేరొక అక్షరం సిద్ధంగా కూర్చుని ఉంటుంది. తొలుత ఈ సాధనాలను తీర్చినవారి కళ్లముందు తెలుగు లిపి లేదు కనుక వారిని తప్పుపట్టి లాభం లేదు.

అసలు ఈ చిక్కు మన ప్రాంతానికి కొత్తది కాదు. వంశధార ఒడ్డున ముఖలింగంలో గుడిగోడల నిండ తూర్పు గంగుల కాలపు శాసనాలు ఉన్నవి. గిడుగువారు వాటిని చదవడం ఎవరి సాయం లేకుండా తామే నేర్చుకొన్నారు. వారి సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకులుగా పనిచేసినారు. విజయనగరంలో ఒకే బడిలో చదివిన ఇద్దరు స్నేహితులును రాళ్ల మీద అక్షరాలతో కుస్తీ పట్టినవారే.

అంతకు ముందు తరాలలో, మెకంజీ దొర కొలువులో కావలి సోదరులు తిరిగిన కాలంలో, శాసనాన్ని కంటితో చూచి చేతితో ఎత్తి వ్రాసేవారు. లిపి తెలియని లేఖకుడైతే బొమ్మ వేసినట్లు వేసేవాడు. తెలిసినవాడైతే రాతి మీద ఉన్నదానికి మారుగా తాను ఉన్నదనుకొన్నదే వ్రాసేవాడు. ఈ రెండవవాడే ఎక్కువ ప్రమాదం. అందుచేత మసిప్రతులు తీయడం వచ్చినది. రాతిని కడిగి, తడికాగితం పరచి, గట్టి కుంచెతో కొట్టి అక్షరాల గుంటలలోకి దింపి, తడి ఆరీ ఆరని సమయంలో మసి అద్దుతారు. రాతిమట్టం నల్లబడుతుంది, అక్షరం తెల్లగా నిలుస్తుంది. ఇందులో మనిషి ఊహకు తావు లేదు. కాని రాతిలోని పగులుకూడ తెల్లగానే వస్తుంది! పెచ్చు ఊడినది కొమ్మా, ఉలి చెక్కినది కొమ్మా అన్నది మసిప్రతి చెప్పదు. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు 1925లో దక్షిణ భారత శాసనాల ఐదవ సంపుటంలో అచ్చయినవి. ఆ పాఠాల వెనుక, ప్రతి పగులు దగ్గర ఆగి ఇది అక్షరమా కాదా అని నిర్ణయించిన కళ్లున్నవి. ఇప్పుడు ఉత్సాహవంతులైన విద్యార్థులు శాసనాన్ని ఫొటో తీసి ట్రేస్ చేసి అచ్చువేస్తున్నారు. ఉత్సాహం మంచిదే గాని, నునుపుగా, నల్లగా వచ్చిన ఆ గీతను చూచి దానిని శాసనపాఠమని నమ్మరాదు. అస్పష్టంగా ఉన్న ఫొటో తన సందేహాన్ని దాచుకొనదు, ట్రేసు దాచివేస్తుంది.

మన భాషలో ఈ పనికి చక్కని మాట ఉన్నది: దిద్దుట. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, చిటికెన వ్రేలంత లేని పిల్లవాడి చేయి పట్టుకొని ఓనమాలు దిద్దిస్తారు. అటుపైన పలక మీద అయ్యవారు వ్రాసిన అక్షరం మీదనే బలపం అరిగేదాక దిద్దడం. పిల్లవాడి చేయి అక్షరం నడకను పట్టుకొంటుంది: ఎక్కడ మొదలు, ఎక్కడ మలుపు, ఎక్కడ ఎత్తవలెను. యంత్రం ఆ నడకను ఎరుగదు. సిరాకు రెండు పక్కలా ఉన్న గట్లనే గీస్తుంది గాని, నడుమ కలం నడచిన దారి దానికి కనబడదు. సున్ననే తీసుకొనండి. అక్షరశిల్పి దానిని నాలుగు బిందువులతో చుడతాడు. నాలుగు బెజియే వంపులతో వృత్తం చుడితే దోషం వ్యాసార్ధంలో పదివేల వంతులలో మూడుకు లోపే. చేతితో వ్రాసిన సున్నను ట్రేస్ చేస్తే బిందువులు గుంపుగా వచ్చి పడతవి, కుంచె వెంట్రుక చేసిన ప్రతి వణుకుకూ ఒకటి చొప్పున. పెద్ద ఫ్లెక్సీలో అది కొంత అందమే కావచ్చును. ఖతిలో మాత్రం పనికిరాదు.

అదే ‘దిద్దు’ అనే మాటకు సవరించుట అని కూడ అర్థం. గురజాడవారు 1910లో వ్రాసిన కథ పేరు ‘దిద్దుబాటు’. ఈ రెండు అర్థాలు ఒకే మాటలో ఇమిడి ఉండడం నాకు ఎప్పుడూ ముచ్చట గొలుపుతుంది. బడిలో రెండు పనులూ చేసేది ఒకే మనిషి.

ఇక ఉపాధ్యాయులకు ఉపయోగించే మాట ఒకటి రెండు. చేతివ్రాతనే అచ్చు వేయించదలిస్తే ఫొటో పంపక స్కాన్ చేసి పంపవలెను. 300కు తగ్గరాదు, 600 అయితే మరీ మంచిది. నలుసుల అంకెను తగ్గించి ఉంచి, మరకలుంటే చేతితో తుడవవలెను. చివర థ, ఠ, ప, వ ఉన్న మాటలను మూలంతో పోల్చి చూడవలెను. చేతివ్రాత అక్కరలేదనుకొంటే ఖతులు ఉన్నవి. సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా విడుదలైన తెలుగు ఖతులలో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించినవి రెండింటికి మన ప్రాంతపు ఈ స్నేహితుల పేర్లే పెట్టినారు: ఒకటి ‘గురజాడ’, రెండవది ‘గిడుగు’. వార్తాపత్రికల శీర్షికలకు, ఆహ్వానపత్రాలకు బాగుంటవి. గిడుగువారి జయంతి బ్యానరుకు గిడుగు ఖతి వాడితే ఎవరూ కాదనరు. డ్రాయింగు మాస్టారు మాత్రం ఒప్పుకొనలేదు. వచ్చే ఏడు కూడ కుంచెతోనే వ్రాస్తానన్నారు. ఆయన మాటలో రోషం ఉన్నది. న్యాయం కూడ ఉన్నదని నా నమ్మకం.

ఆనాటి బ్యానరు సంగతి మిగిలినది. మార్చి వేయించడానికి వ్యవధి లేదు; అతిథులు బయలుదేరినారన్న కబురు వచ్చినది. ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె బల్ల ఎక్కి, నల్ల మార్కరు తీసుకొని, “మాస్టారూ, ఎంత పెద్దది పెట్టమంటారు?” అని అడిగినది. మాస్టారు జేబులోనుండి అయిదు రూపాయల బిళ్ల తీసి అందించినారు. ఆ బిళ్ల చుట్టూ గీత గీసి, లోపల నింపి, రెండు చుక్కలూ పెట్టినది. సభ ఆలస్యం కాకుండానే ఆరంభమైనది.