ఆ నల్లనీళ్లు డ్రైనేజీ కాదు

పోయిన సెలవుల్లో వైజాగ్‌లో మా బాబాయ్ వాళ్లింటికి వెళ్లాను. ఒక సాయంత్రం ఆర్కే బీచ్ నుంచి కోస్టల్ బ్యాటరీ వైపు నడుస్తుంటే, ఒడ్డున ఒక పెద్ద పైపులోంచి నల్లటి నీళ్లు బుసబుసా పడుతున్నాయి. వెంటనే ఫోన్ తీసి 15 సెకన్ల వీడియో తీశాను. "మన బీచ్‌లోకి డ్రైనేజీ వదిలేస్తున్నారు, అందరూ షేర్ చేయండి" అని పెట్టేశాను. రాత్రికి ఎక్కడెక్కడి వాళ్లో షేర్ చేసేశారు. నాకేమో మహా గర్వం.

మా బాబాయ్ డ్రెడ్జర్ మీద పనిచేస్తాడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి అది చూసి, "ఏట్రా ఇది? అది డ్రైనేజీ కాదురా, ఇసక. నీ బీచ్‌కి తిండి పెడతన్నార్రా" అన్నాడు.

పోస్ట్ డిలీట్ చేశాను. కానీ అప్పటికే షేర్ అయినవి నా చేతిలో లేవు. మన మ్యాగజైన్‌కి ఏదైనా రాయమన్నప్పుడు, ఆ తప్పు దిద్దుకోడానికి ఇదే చాన్స్ అనుకున్నాను.

ఇసుక కూడా నడుస్తుంది

మనకి బీచ్ అంటే కదలకుండా ఉండే ఇసుక. నిజానికి అది ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటుంది. అలలు ఒడ్డుకి తిన్నగా కాకుండా ఏటవాలుగా తగులుతాయి కాబట్టి, ప్రతి అలా ఇసుకని కొంచెం పక్కకి జరుపుతుంది. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. అది లక్షల క్యూబిక్ మీటర్లలో ఉంటుంది.

ఇప్పుడు ఈ దారికి అడ్డంగా ఒక హార్బర్ కట్టారనుకోండి. వైజాగ్ పోర్టు 1933లో మొదలైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఇరుకు ఛానల్ తవ్వి, లోపల చిత్తడి నేలని ఇన్నర్ హార్బర్ చేశారు. 1970ల్లో బయట సముద్రంలోకి రాతి గోడలు కట్టి ఔటర్ హార్బర్ చేశారు. ఆ గోడలు అలల్ని ఆపుతాయి, ఓడలకి హాయి. కానీ దక్షిణం నుంచి వచ్చే ఇసుకని కూడా ఆపేస్తాయి. ఆగిన ఇసుక ఛానల్‌లోకి జారితే లోతు తగ్గి ఓడ అడుగు నేలకి తగులుతుంది. అవతల ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కేమో రావాల్సిన ఇసుక రాదు. అలలు మాత్రం ఉన్నదాన్ని తీసుకుపోతూనే ఉంటాయి. బీచ్ సన్నబడిపోతుంది.

అందుకే ఛానల్‌కి ముందే సముద్రం అడుగున ఒక గొయ్యి లాంటిది తవ్వి పెడతారు. దాన్ని శాండ్ ట్రాప్ అంటారు. ఇసుక అందులో పడుతుంది. డ్రెడ్జర్ వచ్చి తన పొడవాటి పైపుని అడుగుకి దించి, వ్యాక్యూమ్ క్లీనర్‌లా ఇసుకనీ నీళ్లనీ కలిపి తన పొట్టలోకి లాగుతుంది. ఆ పొట్ట పేరు హాపర్. నిండాక బీచ్ దగ్గరికి వచ్చి పైపులైన్‌కి తగిలించి ఒడ్డుకి పంప్ చేస్తుంది. గోడ ఆపిన ఇసుకని మనిషి గోడ దాటిస్తున్నాడన్నమాట. నేను వీడియో తీసింది సరిగ్గా దీన్నే.

మరి నల్లగా ఎందుకుంది? సముద్రం అడుగున గాలి సరిగ్గా ఆడని చోట, ఇసుకలోని ఇనుము గంధకంతో కలిసి నల్లబడుతుంది. బయటికొచ్చి గాలి తగిలాక మెల్లగా మామూలు రంగుకి వస్తుంది. రంగు చూసి తీర్పు ఇచ్చేయడం నా తప్పు.

అలాగని అంతా మంచిదేనా?

"అయితే హార్బర్‌లో తవ్విందంతా బీచ్‌లో పోసేయొచ్చా?" అని బాబాయ్‌ని అడిగాను. "ఇసక వేరు, బురద వేరు" అన్నాడు. సబ్జెక్టు అంతా ఆ ఒక్క మాటలోనే ఉందని నాకు తర్వాత అర్థమైంది.

ఇన్నర్ హార్బర్‌లోకి మేఘాద్రి గెడ్డ వచ్చి కలుస్తుంది. ఊరి నీళ్లు, ఫ్యాక్టరీల చుట్టుపక్కల నీళ్లు ఇలాంటి గెడ్డల్లోంచే హార్బర్‌కి చేరతాయి. వాటితో వచ్చేది సన్నటి ఒండ్రు. అలలు లేని చోట అది మెల్లగా అడుక్కి దిగిపోతుంది.

ఈ సన్నదనమే సమస్య. 1 సెంటీమీటర్ ఘనం తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 1 మైక్రాన్ ముక్కలుగా కోస్తే మొత్తం ఉపరితలం 6 చదరపు మీటర్లు అవుతుంది, అంటే 10,000 రెట్లు. సీసం, జింక్ లాంటి లోహాలు, నూనె జిడ్డు, ఓడల రంగుల్లోని విషాలు అంటుకోడానికి అంత చోటు దొరుకుతుంది. ఓడల అడుగున నత్తలు పట్టకుండా టీబీటీ అనే రసాయనం ఉన్న రంగు వేసేవాళ్లు. 2008లో ప్రపంచమంతా నిషేధం అమల్లోకి వచ్చింది. అయినా చాలా హార్బర్ల అడుగు బురదలో అది ఇంకా మిగిలే ఉంది.

కాబట్టి తవ్వే ముందే శాంపిల్స్ తీసి, రేణువు సైజు, లోహాలు, దాంట్లో చిన్న జీవులు బతుకుతాయా లేదా చూడాలి. శుభ్రమైన ఇసుక బీచ్‌కో, పల్లపు నేల నింపడానికో పోతుంది. విషం లేని బురదని ముందే నిర్ణయించిన లోతైన చోటికి తీసుకెళ్లి, హాపర్ అడుగు తలుపులు తెరిచి వదిలేస్తారు. అక్కడ కూడా కొన్నాళ్లు నీళ్లు మసకబారతాయి, అడుగున బతికే జీవులు కప్పబడిపోతాయి. అందుకే చేపలు గుడ్లు పెట్టే చోట్లు, వలలు వేసే చోట్లు తప్పించాలి. విషం ఉన్న బురదనైతే గట్లు కట్టిన చోట బంధించి ఉంచడమే దారి. అది ఖరీదైన పని.

రోటర్‌డామ్ ఏం చేసింది

ఈ మూడో రకం గురించి వెతుకుతుంటే నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పోర్టు కథ దొరికింది. రైన్ నది స్విట్జర్లాండ్‌లో పుట్టి, జర్మనీ ఫ్యాక్టరీల మధ్య నుంచి పారి అక్కడికి వస్తుంది. పైవాళ్లు వదిలిన విషమంతా చివర్న ఉన్న వీళ్ల హార్బర్ బురదలో చేరేది. సముద్రంలో వేయలేరు, పొలాల్లో వేయలేరు. 1980ల్లో తీరం దగ్గర స్లుఫ్టర్ అనే పెద్ద గొయ్యి కట్టి, చెడ్డ బురదని అందులో పోయడం మొదలుపెట్టారు.

కానీ అక్కడితో ఆగలేదు. నది పొడవునా శాంపిల్స్ తీసుకుంటూ పైకి వెళ్లి, ఏ విషం ఏ పైపులోంచి వస్తోందో కనిపెట్టారు. కోర్టుకి వెళ్తామని చెప్పి, కంపెనీలతో తగ్గించుకునే ఒప్పందాలు చేసుకున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ బురద శుభ్రపడింది. గొయ్యి అనుకున్నంత వేగంగా నిండలేదు.

మా బ్రాంచ్ భాషలో చెప్పాలంటే, అవుట్‌పుట్‌లో ఎర్రర్ వస్తే ప్రింట్ స్టేట్‌మెంట్ మార్చకుండా, వెనక్కి వెళ్లి ఇన్‌పుట్ పట్టుకున్నారు.

ఇదంతా చదివాక నా వీడియో గురించి మళ్లీ ఆలోచించాను. నా కోపం తప్పు కాదు, పైపు తప్పు. అది చూపించాల్సింది బీచ్‌లో ఇసుక పోసే పైపుని కాదు, గెడ్డల్లోకి వచ్చి పడుతున్న వాటిని. డ్రెడ్జర్ కొత్తగా చెత్త తయారు చేయదు. మనం వదిలింది అడుక్కి చేరితే, దాన్ని పైకి తీసి చూపిస్తుంది అంతే.

ఈసారి వైజాగ్ వెళ్తే మేఘాద్రి గెడ్డ పక్కన నడుస్తానని బాబాయ్‌తో చెప్పాను. "వెళ్లరా. కానీ పెట్టే ముందు నాకోసారి చూపించు" అన్నాడు.