తిట్లు తిన్న అధ్యక్షుడు

1951 ఏప్రిల్ 11వ తేదీ. వాషింగ్టన్ నగరంలో రాత్రి ఒంటిగంటయింది. అంత రాత్రివేళ పత్రికా విలేకరులను వైట్ హౌస్‌కు పిలిపించి, చేతికొక కాగితం ఇచ్చారు. కొరియా యుద్ధరంగంలో సేనాధిపతిగా ఉన్న జనరల్ డగ్లస్ మకార్థర్‌ను అధ్యక్షుడు హారీ ట్రూమన్ పదవి నుంచి తొలగించినట్లు అందులో ఉంది.

తెల్లవారేసరికి దేశం అట్టుడికిపోయింది. పలుచోట్ల ట్రూమన్ దిష్టిబొమ్మలు తగలబెట్టారు. కొందరు జెండాలను సగానికి దించారు. వైట్ హౌస్‌కు టెలిగ్రాములు కుప్పలుగా వచ్చిపడ్డాయి. వాటిలో తిట్లే ఎక్కువ. గాలప్ సంస్థ జనాభిప్రాయం సేకరిస్తే నూటికి 69 మంది జనరల్ వైపూ, 29 మంది మాత్రమే అధ్యక్షుడి వైపూ తేలారు. పదవీకాలం చూస్తే ఇంకా ఇరవై ఒక్క నెలలుంది!

ప్రతిపక్షమైన రిపబ్లికన్లకు ఇంతకన్న మంచి అదను ఏం దొరుకుతుంది? అధ్యక్షుణ్ణి అభిశంసించి ఇంటికి పంపాలన్నారు కొందరు. జెన్నర్ అనే సెనేటరైతే, ప్రభుత్వం సోవియట్ ఏజెంట్లు నడిపే రహస్య ముఠా చేతిలో ఉందని నిండు సభలో అనేశాడు.

ఇంతకూ ట్రూమన్ చేసిన నేరమేమిటి?

1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు దక్షిణ కొరియా మీద పడ్డాయి. ఐక్యరాజ్య సమితి పేరిట అమెరికా యుద్ధంలోకి దిగింది. సెప్టెంబరులో ఇంచాన్ రేవున సైన్యాన్ని దింపి మకార్థర్ శత్రువును తరిమికొట్టినప్పుడు ఆయన యుద్ధకౌశలాన్ని లోకమంతా మెచ్చుకుంది. అక్టోబరు 15న వేక్ దీవిలో అధ్యక్షుణ్ణి కలుసుకున్నప్పుడు, చైనా ఈ యుద్ధంలో కలుగజేసుకోదని ఆయన ధీమాగా చెప్పాడు. నవంబరు ఆఖరుకల్లా చైనా సేనలు లక్షల సంఖ్యలో విరుచుకుపడ్డాయి.

ఆ దెబ్బ తిన్న తర్వాత జనరల్ కోరింది మరింత పెద్ద యుద్ధం. చైనా గడ్డమీది స్థావరాలపై బాంబులు వేయాలి, తీరాన్ని దిగ్బంధించాలి, ఫార్మోజాలోని చియాంగ్ కైషేక్ సేనలను రంగంలోకి దింపాలి అన్నాడు. ట్రూమన్ ఒప్పుకోలేదు. రష్యా 1949లోనే అణుబాంబును పరీక్షించి ఉంది. చైనాతో పూర్తి యుద్ధానికి దిగితే అది మూడవ ప్రపంచయుద్ధంగా మారవచ్చునని ఆయన వెరపు. దీనిని పిరికితనమన్నారు ప్రత్యర్థులు. గడ్డివాము పక్కన నిప్పు రాజేయవద్దనే ఇంటి యజమానిని పిరికివాడంటామా?

అభిప్రాయభేదం నేరం కాదు. జనరల్ తన అభిప్రాయాన్ని పైవారికి చెప్పుకుని ఊరుకుంటే పేచీ ఉండేది కాదు. విదేశాంగ విషయాల మీద అనుమతి లేకుండా ప్రకటనలు చేయవద్దని 1950 డిసెంబరులోనే సేనానులకు ఉత్తర్వులు వెళ్ళాయి. అయినా 1951 మార్చిలో, ప్రభుత్వం సంధి ప్రయత్నానికి సిద్ధమవుతున్నదని తెలిసి కూడా, మకార్థర్ చైనాను బెదిరిస్తూ సొంత ప్రకటన చేసి ఆ ప్రయత్నాన్ని కాస్తా చెడగొట్టాడు. పైగా ప్రతినిధుల సభలో రిపబ్లికన్ నాయకుడైన జోసెఫ్ మార్టిన్‌కు ప్రభుత్వ విధానాన్ని తప్పుపడుతూ ఉత్తరం రాశాడు. ఏప్రిల్ 5న మార్టిన్ దానిని సభలో చదివి వినిపించాడు.

ఓట్లతో వచ్చిన ప్రభుత్వం సైన్యానికి ఆజ్ఞ ఇవ్వాలా, సైన్యమే ప్రభుత్వానికి ఆజ్ఞ ఇవ్వాలా? ఇక్కడున్న ప్రశ్న అదొక్కటే. 1958లో పాకిస్తాన్‌లోనూ, 1962లో బర్మాలోనూ సేనాపతులు గద్దెనెక్కడం చూసిన మనకు ఆ ప్రశ్న విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ వేసవిలో సెనేట్ విచారణ జరిపినప్పుడు సైనికాధిపతుల సంఘం అధ్యక్షుడు జనరల్ బ్రాడ్లీ, ఆయన సహచరులు ట్రూమన్ నిర్ణయాన్నే బలపరిచారు. అప్పటికి ఊరేగింపుల వేడి చల్లారింది కాని, అధ్యక్షుడి మీద పడ్డ మచ్చ మాత్రం చెరగలేదు. 1952 ఫిబ్రవరిలో ఆయనను మెచ్చినవారు నూటికి 22 మందే.

ట్రూమన్ తప్పు చేయని మనిషని కాదు. అమెరికా సేనలు 38వ అక్షాంశ రేఖ దాటితే చైనా ఊరుకోదని 1950 అక్టోబరు మొదట్లో పెకింగ్‌లోని మన రాయబారి కె.ఎం. పణిక్కర్ ద్వారా హెచ్చరిక వెళ్ళింది. దానిని పెడచెవిని పెట్టిన పాపంలో ట్రూమన్‌కూ భాగముంది. హిరోషిమా, నాగసాకి నగరాల మీద బాంబు వేయించింది ఆయనే. 1952లో ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకుంటే అది చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆయనా మారు మాటాడకుండా వాటిని తిరిగి ఇచ్చేశాడు. ఇటువంటి వాటిమీద వచ్చిన విమర్శ న్యాయమే. దేశద్రోహి అన్న నింద మాత్రం పక్షద్వేషమే.

పాఠకులకు మరొక సంగతి మనవి చేయాలి. 1951లో మన ఇళ్ళలో ఆడవాళ్ళు రేషను బియ్యం ఎన్ని రోజులు వస్తాయా అని లెక్కలు వేసుకుంటున్నారు. కొరియా విషయంలో భారతదేశం అమెరికాతో విభేదించింది. ఆ కోపం అక్కడి శాసనసభ్యులలో చాలామందికి ఉంది. అయినప్పటికీ మనకు ఇరవై లక్షల టన్నుల ధాన్యం పంపాలని ఆ ఫిబ్రవరిలో ట్రూమన్ కోరాడు. నెలల తరబడి తర్జనభర్జనలు జరిగి, చివరికి 19 కోట్ల డాలర్ల అప్పు రూపంలో జూన్ 15న ఆ చట్టంపై ఆయన సంతకం చేశాడు. తన తలమీద తిట్లవాన కురుస్తున్న రోజులవి.

1953 జూలై 27న కొరియాలో యుద్ధవిరమణ జరిగింది. రెండు కొరియాల మధ్య గీత యుద్ధం మొదలైన చోటికి దగ్గరలోనే నిలిచింది. చైనా మీద బాంబులు పడలేదు. అప్పటికి అధ్యక్షుడు రిపబ్లికన్ పక్షంవాడైన ఐసెన్‌హోవర్. ఆ పక్షంలో కొందరు గొణిగినా, ఈసారి అభిశంసన ఊసు రాలేదు. అదే పని మనవాడు చేస్తే వివేకం, ఎదుటివాడు చేస్తే ద్రోహం!

ట్రూమన్ 1952 ఎన్నికలలో నిలబడకుండా, పదవి దిగి భార్యతో రైలెక్కి ఇండిపెండెన్స్ అనే తన ఊరు చేరుకున్నాడు. మాజీ అధ్యక్షులకు పింఛను ఇచ్చే చట్టం 1958 దాకా రాలేదు. అంతవరకు ఆయనకు వచ్చింది నెలకు నూట పన్నెండు డాలర్ల చిల్లర, పాత సైనికోద్యోగపు పింఛను. ఇప్పుడు చరిత్రకారులు మంచి అధ్యక్షుల పేర్లు వరుసగా రాసినప్పుడు ఆయన పేరు తరచు మొదటి పదిమందిలో ఉంటున్నది.

అందుచేత, నాయకుణ్ణి తిట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇదే పని మనకు నచ్చినవాడు చేసి ఉంటే ఏమనేవాళ్ళం? అప్పుడూ తప్పే అనగలిగితే నిర్భయంగా అందాం. అనలేకపోతే, ఆ మాట కాస్త మింగుకోవడమే మర్యాద.