పైపొర చాలు: శాన్‌వాక్-బి కథ

చిత్తూరు జిల్లా గంగవరం మండలంలో బిడ్డ పుట్టినా, హైదరాబాదులో పుట్టినా 24 గంటల్లోపు తొడకు హెపటైటిస్-బి సూది పడాలి. దాంతోపాటు వేసే క్షయ టీకా బీసీజీ మన దేశంలో 1948లో మదనపల్లెలో మొదలైంది. హెపటైటిస్ టీకా సామాన్యుడికి అందడం వెనక ఉన్నది హైదరాబాదు కథ.

1960లలో అమెరికా శాస్త్రవేత్త బరూక్ బ్లంబర్గ్ ఓ ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కొత్త ప్రొటీన్‌ను గమనించాడు. అది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ పైపొరదని తర్వాత తేలింది. ఈ వైరస్‌ది దుబారా బుద్ధి. తనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉత్త పొర రేణువుల్ని రోగి రక్తంలోకి వదులుతుంది. ఒక్కోటి 22 నానోమీటర్లు. లోపల జన్యువు లేదు కనుక రోగం తేలేవు. శరీరం మాత్రం వాటిమీద యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. రేపు అసలు వైరస్ వస్తే అవే దాని పొరకు అతుక్కుని, కాలేయ కణంలోకి పోనివ్వవు.

అమెరికాలో 1981లో అనుమతి పొందిన తొలి టీకాకు ఈ రేణువుల్ని రోగుల రక్తం నుంచే తీశారు. ఆ రక్తం ఎంతని దొరుకుతుంది? పొర జన్యువును ఈస్ట్‌లో పెట్టి చేసిన టీకా 1986లో వచ్చింది. మనుషులకు వేసిన తొలి రీకాంబినెంట్ టీకా అదే.

కిటుకంతా ఆకారంలో ఉంది. పొర ప్రొటీన్‌లో ఒక మెలికను గంధకపు బంధాలు బిగించి ఉంచుతాయి. యాంటీబాడీ పట్టుకునేది ఆ మెలికనే. అది విడిపోతే ప్రొటీన్ ఉన్నా పెద్దగా ఫలితం ఉండదు. బాక్టీరియాలో ఈ రేణువులు సరిగా కుదరలేదు, ఈస్ట్‌లో కుదిరాయి.

నెల్లూరు జిల్లాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. అప్పటికి దిగుమతి టీకా డోసు వందల రూపాయలు. పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మొదలై, హైదరాబాదులోనే ఉన్న పరిశోధన సంస్థ సీసీఎంబీకి చేరింది. వాళ్లు ఎంచుకున్నది పికియా అనే ఈస్ట్. మిథనాల్ అందిస్తే చాలు, అందులో పెట్టిన జన్యువు మేలుకుని పొర ప్రొటీన్‌ను పెద్దమొత్తంలో చేస్తుంది. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి విడుదలైంది, డోసు సుమారు 50 రూపాయలకు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపుతో యూనిసెఫ్ కొనుగోళ్లకు దారి తెరుచుకుంది. 2009లో కంపెనీ ఫ్రెంచ్ మందుల సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది.

ఈ టీకా డోసులన్నీ పూర్తయ్యాక మిల్లీలీటరు సీరంలో 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్ల యాంటీబాడీ ఉంటే రక్షణ ఉన్నట్టే లెక్క.

టీకాలోని పొర రేణువులు అల్యూమినియం లవణాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే ఈ టీకాకు వేడికన్నా గడ్డకట్టడమే పెద్ద గండం. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. ఆస్పత్రి ఫ్రిజ్‌లో మందు గడ్డకట్టిందని అనుమానం వస్తే, అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలని గడ్డకట్టించి, కరిగించి, రెండింటినీ ఒకేసారి ఊపి పక్కపక్కన పెడతారు. అనుమానపు సీసాలోనూ మడ్డి అంతే వేగంగా అడుక్కి దిగితే పారేయాల్సిందే. లవణం గడ్డలు కట్టిన ఆ మందు వేసినా, తగినన్ని యాంటీబాడీలు పుడతాయన్న భరోసా ఉండదు.